నురగ టీలో ఏముంటుంది

పేరు చూస్తే లోపల ఏముందో తెలియాలి. ముప్పయ్యొక్క ఏళ్ళు ఆస్పత్రి మందుల గదిలో కాంపౌండరుగా పని చేసినదాన్ని, నాకు తెలిసిన న్యాయం అదొక్కటే. సీసా మీద ఒక పేరు, సీసాలో ఇంకో సరుకు ఉంటే దాన్ని మందు అనరు, కేసు అంటారు. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు నన్ను వదల్లేదు. మా వంటింట్లో ప్రతి డబ్బాకీ లేబులు ఉంటుంది, ఉప్పు డబ్బాకు కూడా. మావాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పెళ్ళయ్యేదాకా వాడి టిఫిన్ డబ్బా మూత మీద లోపలున్నవన్నీ వరసగా రాసి పంపేదాన్ని. తోటి మెకానిక్కులు మూత చదివి వాడికంటే ముందే తినేసేవారట. అది వేరే సంగతి.

అలాంటి నేను వెళ్ళి వెళ్ళి ముత్యాలమ్మ కొట్లో పడ్డాను.

ముత్యాలమ్మ అసలు పేరు వేరే ఉంది. తైవాన్ నుంచి వచ్చి, ఇరవై రెండేళ్ళుగా బస్టాండు పక్క వీధిలో టీ కొట్టు నడుపుతోంది. టీలో నల్లటి మెత్తటి గోళీలు వేసి, లావుపాటి గొట్టంతో పీల్చుకోమని ఇస్తుంది. ఆ గోళీలను ముత్యాలు అంటుంది కనక ఆవిడ ఊరందరికీ ముత్యాలమ్మ అయింది. మా భాష గలగలా మాట్లాడుతుంది గానీ, నేర్పినవాళ్ళెవరో 'మీరు' ఒక్కటే నేర్పి చెయ్యి దులుపుకున్నట్టున్నారు. గుమ్మంలో పడుకునే పిల్లిని కూడా "మీరు కొంచెం పక్కకు జరగండి" అంటుంది. ఆ పిల్లి మాత్రం జరగదు.

మా కోడలు ఆరేళ్ళుగా ఆవిడ దగ్గరే పని చేస్తోంది. ఈ ఏడాది ముత్యాలమ్మకు మోకాళ్ళు మొరాయించాయి. తైవాన్‌లో ఉన్న అక్కగారి దగ్గరకు వెళ్ళిపోదామని నిశ్చయించుకుంది. కొట్టు మా కోడలికే అప్పగించాలని ఉంది గానీ ఊరికే కాదు.

"వారం రోజులు నేను కొట్లో అడుగు పెట్టను. మీరే నడపండి. ఏడో రోజు అందరిలాగే వరసలో నిలబడి ఒక్క టీ అడుగుతాను. తాగాక కప్పు బల్ల మీద బోర్లిస్తే కొట్టు మీది. బోర్లించకపోతే షట్టరు దించి సామాను అమ్మేస్తాను" అని చెప్పింది. ఆవిడకు పని నేర్పినావిడ కూడా ఇలాగే పరీక్ష పెట్టిందట.

ఆ మాట విన్న రోజు నుంచి మా కోడలికి అన్నం సహించలేదు. నిద్రలో కూడా చేతులు రెండూ పైకెత్తి ఏదో కుదుపుతోందని మావాడు నాతో చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లకు కొట్టంటే ప్రాణం. అది చేజారితే ఎలా ఉంటుందో ఊహించుకోవడానికే భయమేసింది.

వారం మొదలైన రెండో రోజునే కొట్లో సాయం చేసే అమ్మాయికి జ్వరం తగులుకుంది. "కంగారెందుకు, నేనున్నానుగా" అన్నాను. అప్పుడు మా కోడలి మొహంలో కనపడింది సంతోషమే అనుకున్నాను.

కొట్టు చిన్నది. ముందు స్టీలు బల్ల, దాని వెనక రెండు గ్యాసు పొయ్యిలు, ఐస్ పెట్టె, సింకు, గోడకు నల్ల బోర్డు. బోర్డు మీద సుద్దతో పందొమ్మిది పేర్లు. నేను కళ్ళజోడు సవరించుకుని మొదటిది చదివాను.

"ముత్యాల పాలటీ. ఇందులో ముత్యాలేవీ?"

"గోళీలే అత్తయ్యా. కర్రపెండలం పిండి, నల్లచక్కెర, మరిగే నీళ్ళు పోసి ముద్ద చేసి చుడతాం. సగ్గుబియ్యానికి పెద్దన్న అనుకోండి."

"మరి పెద్ద సగ్గుబియ్యం టీ అని రాయొచ్చుగా?"

"ఎవరు కొంటారు అత్తయ్యా?"

"పులిచారల పాలు?"

"కప్పు లోపల నల్లచక్కెర పాకం పూసి పాలు పోస్తే చారలు పడతాయి."

"పులి లేదు సరే, టీ కూడా లేదు! టీ కొట్లో!"

తర్వాతది చదివి బోర్డుకు ఒక అడుగు దూరం జరిగాను. "పాలలో దూకిన కప్ప" అని ఉంది.

"భయపడకండి, అదీ పాలూ గోళీలే. గోళీలు కప్పగుడ్లలా ఉంటాయని వాళ్ళ ఊళ్ళో సరదాగా అలా పిలుస్తారట. పిల్లలకు అదే కావాలి."

ఇక నా వల్ల కాలేదు. 'ఏడాదంతా వసంతం' అంటే ఒక రకం టీ ఆకు. 'ఇనుప దేవత' అంటే రక్తం పట్టడానికి ఇచ్చే టానిక్కేమో అనుకున్నాను, అదీ టీ ఆకే. బూడిదగుమ్మడి టీ అంటే గుమ్మడికాయను చక్కెరతో గంటలకొద్దీ ఉడికించి, ఆ ముద్దను నీళ్ళలో కరిగించి ఇవ్వడం. అందులో టీ ఆకు వీసమెత్తు లేదు. చామదుంప పాలు అన్న పేరు ఒక్కటే నిజాయితీగా కనపడింది. చామదుంప, పాలు, అంతే. దానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

పని దగ్గర మాత్రం నాకు వంక పెట్టడానికి లేదు. గోళీలు అరగంట ఉడకాలి, మూత పెట్టి ఇంకో అరగంట మగ్గాలి, చన్నీళ్ళలో కడిగి పాకంలో వెయ్యాలి, నాలుగు గంటలు దాటితే పారెయ్యాలి. ప్రతి గిన్నెకూ టైము రాసి లేబులు అంటించాను. మగ్గడానికి ఒక్క నిమిషం తక్కువైనా మూత తియ్యనివ్వలేదు. "ఆరేళ్ళలో ఇంత పద్ధతిగా నేనూ చెయ్యలేదు" అని మా కోడలే ఒప్పుకుంది.

పేచీ అంతా షేకర్ దగ్గర వచ్చింది. టీ, పాకం, ఐస్ ఆ స్టీలు డబ్బాలో పోసి మూత బిగించి కుదపాలి. నేను దాన్ని నిండుగా నింపి, రెండు చేతులా పట్టుకుని, చంటిపిల్లను జోకొట్టినట్టు అటూ ఇటూ వంచాను.

"కాస్త గట్టిగా అత్తయ్యా."

"గట్టిగా కుదిపితే నురగ వస్తుంది."

"రానివ్వండి."

"నురగ వస్తే కొలత తప్పుతుంది. గ్లాసులో గీత దాకా కనిపిస్తుంది గానీ సగం గాలే. రోగికి అందాల్సింది అందదు."

"ఇక్కడ రోగులు ఎవరూ లేరు."

అవతల ఆరుగురు ఎదురు చూస్తున్నారు. నేను స్పూనుతో పైన కాస్త తేలిన నురగను కూడా తీసి సింకులో పారేసి, గీత దాకా టీతో నింపి ఇచ్చాను. నిండు కప్పు ఇచ్చానన్న తృప్తి నాది. మా కోడలు పెదవి కొరుక్కుని షేకర్ నా చేతిలోంచి తీసుకుంది. ఆ తర్వాత నన్ను దాని దరిదాపులకు రానివ్వలేదు.

నాలుగో రోజు పొద్దున్న మా కోడలికి జ్ఞానదంతం సలపడం మొదలైంది. బుగ్గ పూరీలా పొంగింది. పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళక తప్పలేదు. "మూడు గంటల్లో వచ్చేస్తాను అత్తయ్యా. ఏమీ మార్చకండి" అని చెప్పి వెళ్ళింది. ఏమీ మార్చొద్దంటే గోళీల టైములు కాబోలనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనుకుందామని అనుకున్నాను.

అది వీధి మలుపు తిరిగిందో లేదో, తడిగుడ్డ తీసుకుని బోర్డంతా తుడిచేశాను.

మా కోడలి పుస్తకంలో అన్నిటికీ కొలతలున్నాయి. వాటిని చూసి వరసగా రాసుకుంటూ వచ్చాను. నల్ల టీ, పాలు, చక్కెర పాకం, కర్రపెండలం గోళీలు. పాలు, నల్లచక్కెర పాకం, కర్రపెండలం గోళీలు, టీ లేదు. 'టీ లేదు' అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాను. చివరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఐస్ టీ అని ఒకటుంది: నల్ల టీ, చక్కెర పాకం, ఐస్. నురగ టీ అని ఇంకొకటుంది: నల్ల టీ, చక్కెర పాకం, ఐస్. కొలతలు కూడా అవే!

ఒకే మందుకు రెండు పేర్లు ఉంటే ఎంత ప్రమాదమో మందుల గదిలో పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. దొరికిన దొంగను చూసినట్టు చూసి, నురగ టీని కొట్టేశాను. నురగ ఒక సరుకా? దాన్ని తూకం వేసి ఎవరైనా కొన్నారా? బోర్డు మీద పద్దెనిమిది వరసలు మిగిలాయి. అందంగా ఉందనిపించింది.

మొదట వచ్చింది వీధి చివర టైలరమ్మ. బోర్డంతా చదివి, "అమ్మయ్య! నాకు పాలు పడవు. ఇన్నాళ్ళూ ఏది తాగొచ్చో తెలీక బయటి నుంచి వాసన చూసి పోయేదాన్ని" అంది. బూడిదగుమ్మడిది తాగి, ఇంకొకటి ఇంటికి పట్టుకెళ్ళింది. నేను రెండంగుళాలు పొడుగయ్యాను.

తర్వాత ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. రోజూ వచ్చే మనిషే. బోర్డు కేసి చూడకుండానే "నురగ టీ అమ్మా" అన్నాడు.

"అది లేదు నాయనా. దాని అసలు పేరు ఐస్ టీ. రెండూ ఒకటే" అని చెప్పి, గ్లాసులో పోసి చెంచాతో కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, గ్లాసులోకి చూసి, నా మొహం చూసి, "సరేనమ్మా" అని సగం వదిలేసి వెళ్ళిపోయాడు. బస్సుకు టైమైంది కాబోలు అనుకున్నాను. మనిషి తనకు అనుకూలంగా ఎన్ని కాబోలులైనా అనుకోగలడు.

మా కోడలు నోట్లో దూదితో తిరిగొచ్చింది. బోర్డు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. పిల్లి కూడా లేచి చూసింది. మాట్లాడడానికి లేదు కనక చీటీ మీద రాసి చూపించింది: "పేర్లేవి?"

"అవసరమా?" అన్నాను.

"అవసరమే" అని రాసి, కింద మూడు గీతలు గీసింది. నా గీతల కంటే ఒకటి ఎక్కువ.

టైలరమ్మ సంగతి చెప్పాను. అది దూది పెట్టుకున్న నోటితోనే కాస్త నవ్వింది. నేను రాసినవి తుడవలేదు. ప్రతి వరస పైనా రంగు సుద్దతో పేరు రాసుకుంటూ పోయింది. పైన పాలలో దూకిన కప్ప, కింద పాలు, గోళీలు, టీ లేదు. చూడడానికి బాగుంది. కానీ నేను రాసిన వరసల మీదే అది పేర్లు రాసింది. నేను రాయనిదాన్ని అదీ రాయలేదు. ఒక చేత్తో బుగ్గ పట్టుకుని, ఇంకో చేత్తో సుద్ద పట్టుకుని, అవతల జనం నిలబడి ఉంటే ఎవరికి మాత్రం లెక్క గుర్తుంటుంది?

ఏడో రోజు సాయంత్రం నాలుగింటికి ముత్యాలమ్మ వచ్చింది. నీలం గౌను, చేతిలో గొడుగు, ముందు ఇద్దరు కాలేజీ పిల్లలు, వెనక ఆ బస్సు డ్రైవరు. చెప్పినట్టే వరసలో నిలబడింది. మా కోడలు షేకర్‌ను అప్పటికి నాలుగుసార్లు తుడిచింది. నేను సింకు దగ్గర కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతున్నాను.

వంతు వచ్చింది. ముత్యాలమ్మ బోర్డును పైనుంచి కిందికి చదివింది. 'టీ లేదు' దగ్గర కనుబొమ్మలు పైకి లేచాయి. చివరిదాకా వచ్చి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది.

"నేను అడుగుదామనుకున్నది ఇక్కడ లేదండి" అంది. "నురగ టీ."

మా కోడలు గిరుక్కున తిరిగి బోర్డు చూసింది. దాని మొహంలో రంగు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. వెంటనే ముత్యాలమ్మ వైపు తిరిగి, "నా పొరపాటు మేడమ్. నేను చూసుకోలేదు" అంది.

తల కొట్టేసినట్టయింది నాకు. ఆరేళ్ళ కష్టం కళ్ళముందు పోతుంటే ఆ పిల్ల నా పేరు ఎత్తలేదు. మావాడు మొదటిసారి దీన్ని ఇంటికి తీసుకొచ్చినప్పుడు, "ఏముందిరా ఈ పిల్లలో?" అని నేను అడిగాను. దీనికి వినపడేలాగే అడిగాను.

తడి చేతులతోనే బల్ల దగ్గరకు వచ్చాను. "అది దాని తప్పు కాదండీ. అది ఊళ్ళో లేనప్పుడు కొట్టేసింది నేను. రెండింటిలోనూ ఒకటే సరుకు. ఒకే సరుకుకు రెండు పేర్లెందుకని కొట్టేశాను. ఉరి వేస్తే నన్ను వెయ్యండి."

"ఊళ్ళో లేకపోవడమేంటి, పళ్ళ డాక్టరు పక్క వీధిలోనే ఉన్నాడు" అని వెనక నుంచి డ్రైవరు గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ముత్యాలమ్మ నన్ను తేరిపార చూసింది. "నిజమేనండి. సరుకు ఒకటే" అంది. "అయితే మీరే రెండూ చేసి ఇవ్వండి. ఒక ఐస్ టీ, ఒక నురగ టీ."

"నేనా?"

"కొట్టేసింది మీరు కదా."

ఐస్ టీ సంగతి సరే, గ్లాసులో పోసి కలిపి పెట్టాను. షేకర్ అందుకున్నాను. మా కోడలు చేసి చూపిస్తుందేమోనని దాని వైపు చూశాను. అది షేకర్ ముట్టుకోలేదు. నా పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగింది.

"అత్తయ్యా, మందు కలిపేటప్పుడు నురగ రాకుండా ఏమేం చేసేవారు?"

ఇదేం ప్రశ్న ఇప్పుడు? అయినా ఆ పాఠం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. "సీసాలో గాలి మిగలకుండా నిండుగా నింపేదాన్ని. పూర్తిగా చల్లారాక కలిపేదాన్ని. వంచేదాన్ని గానీ కొట్టేదాన్ని కాదు. తర్వాత నురగ దిగేదాకా ఆగేదాన్ని."

"అన్నీ తిరగెయ్యండి."

అంతే కదా! నురగ ఎక్కడ పుడుతుందో, ఎందుకు పుడుతుందో, దేనికి చస్తుందో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ముప్పయ్యొక్క ఏళ్ళు దాన్ని వెంటాడి చంపినదాన్ని!

షేకర్‌లో సగమే నింపాను. పొయ్యి మీది వేడి నల్ల టీ, పాకం, దాని మీద గుప్పెడు ఐస్. మూత బిగించి భుజం పైకెత్తి కొట్టాను. వంచలేదు, కొట్టాను. ఐస్ లోపల గలగలలాడింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. పెద్ద డాక్టరుగారు చూస్తే ఆ రోజే సస్పెండు చేసేవారు. ఆ తలపుకు నవ్వొచ్చి ఇంకా గట్టిగా కొట్టాను. "అమ్మా, బండి స్పీడందుకుంది!" అని డ్రైవరు అరిచాడు. కాలేజీ పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. డబ్బా చేతిలో మంచుగడ్డలా చల్లబడింది. "ఇప్పుడు" అంది మా కోడలు. ఒక్క క్షణం ఆగకుండా కప్పులోకి వంచాను.

కింద ఎర్రటి టీ, పైన రెండు వేళ్ళ మందాన నురగ. బుడగ కంటికి ఆననంత సన్నగా, లేత గోధుమరంగులో ఉంది. నా జన్మలో అంత తప్పు పని అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు.

ముత్యాలమ్మ ఐస్ టీ ఒక గుక్క తాగి పక్కన పెట్టింది. నురగ టీ అందుకుని, నిలబడే, మెల్లగా, చివరి చుక్క దాకా తాగింది. పై పెదవి మీద నురగ మీసం ఏర్పడింది. ఎవరూ నవ్వలేదు. కప్పు ఇంకా చేతిలోనే ఉంది.

"మీకు కుదపడం ఎన్నాళ్ళు నేర్పాను?" అని మా కోడల్ని అడిగింది.

"నాలుగు నెలలు మేడమ్."

"వీరికి మీరు ఎంతసేపు నేర్పారు?"

మా కోడలు ఖాళీ షేకర్‌ను దగ్గరకు జరుపుకుంది.

"బోర్డు చూసుకోకపోవడం తప్పేనండి. రేపటి నుంచి రోజూ చూసుకోండి" అంది ముత్యాలమ్మ. "టీ చెయ్యడం మీకు ఎప్పుడో వచ్చు. ఇంకొకరి చేత చేయించడం వచ్చో రాదో తెలియక నాకు భయంగా ఉండేది."

అని కప్పును బల్ల మీద బోర్లించింది.

మా కోడలు బల్ల ఇవతల నుంచే ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది, కడుపు నిండా ఏడ్చాను. డ్రైవరు కాసేపు ఓపిక పట్టి, "మరి నా నురగ టీ?" అన్నాడు. అది కూడా నేనే కొట్టాను. ఈసారి అతను చుక్క మిగల్చలేదు. తర్వాత ఇంకొకటి కొట్టి, ముత్యాలమ్మ పక్కన పెట్టిన ఐస్ టీ ఒక గుక్క, ఆ నురగ టీ ఒక గుక్క నేనే తాగి చూశాను. ఒకటి తియ్యటి టీ. రెండోది నోట్లో పెట్టుకోగానే మెత్తగా విచ్చుకుని, టీ వాసనంతా ముక్కులోకి ఎక్కింది. మందు చీటీ మీద సరుకుల పేర్లు, కొలతలు రాశాక డాక్టర్లు ఎలా కలపాలో కూడా రాసేవారు. ఆ చివరి వరస చదవడం నేనే మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్న నేను గోళీలు కడుగుతుంటే మా కోడలు బోర్డు దగ్గర కూర్చుని పందొమ్మిదో వరస రాసింది. లేచి వెళ్ళాక కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పైన రంగు సుద్దతో నురగ టీ అని ఉంది. కింద నా పద్ధతిలోనే సరుకులు: నల్ల టీ, చక్కెర పాకం, ఐస్, అత్తయ్య చెయ్యి.

సరుకుల జాబితాలో మనుషుల్ని రాయకూడదు. అది ఏ మందుల గదిలోనూ ఒప్పుకోరు. తుడిచేద్దామని తడిగుడ్డ తీసుకుని బోర్డు దాకా వెళ్ళాను. అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి బల్ల తుడిచాను.